అటక మీద గది

చందానగర్‌లో మేము కొనుక్కున్న ఇల్లు చాలా పాతది. బొంబాయి రోడ్డు మీద నుంచి మార్కెట్ సందులోకి తిరిగి, పిండిమిల్లు దాటాక ఎడమ చేతి వైపు ఉండేది. రాతిగోడలు, బెంగుళూరు పెంకులు, ముందు వరండా, రెండు గదులు, వంటిల్లు. మాకు ముందు అక్కడ ఒక రైతు కుటుంబం ఉండేది. వాళ్లు నడిమి గది మీద మందపాటి చెక్కబల్లలు పరిచి పెద్ద అటక కట్టించుకున్నారు. జొన్నలు, మిరపకాయలు, చింతపండు అక్కడ దాచుకునేవారట. మేము వచ్చేసరికి దాని మీద దుమ్ము, పగిలిన పెంకులు, ఒక తుప్పు పట్టిన ట్రంకుపెట్టె తప్ప ఏమీ లేవు. మిరపకాయల ఘాటు మాత్రం పోలేదు. నిచ్చెన ఎక్కి తల పైకి పెట్టగానే తుమ్ము వచ్చేది.

ఆ అటకను గదిగా మార్చుకుందామన్నది మా బావ. బావ అంటే నా భర్తే. మా నాయన అక్క కొడుకు. నాకు నాలుగేళ్లప్పుడు మా అమ్మ చనిపోతే, అత్త నన్ను ప్రొద్దుటూరు తీసుకుపోయి పెంచింది. బావ అప్పటికే వేరే ఊళ్లలో హాస్టళ్లలో ఉండి చదువుకునేవాడు, సెలవులకు మాత్రం వచ్చేవాడు. నాకు ఇరవై ఒకటి నిండగానే అత్త నన్ను తన కొడుకుకే చేసుకుంది. నాకు పుట్టిల్లన్నా అత్తిల్లన్నా ఆమే.

తొంభైల చివర అది. మాదాపూర్ వైపు బండలు పేలుస్తున్నారు. గొర్రెలు మేసే గుట్టల నడుమ కంప్యూటరు కంపెనీల కోసం పెద్ద పెద్ద భవనాలు లేస్తున్నాయి. బావ వాటిల్లో ఒకదానికి కరెంటు పనుల సూపర్‌వైజరు. రోజూ స్కూటరు మీద పోయి, కనుబొమల మీద తెల్లటి రాతిపొడితో తిరిగి వచ్చేవాడు. నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసి, కూకట్‌పల్లిలో ఇళ్ల ప్లానులు గీసే ఒక చిన్న ఆఫీసులో పనిచేసేదాన్ని. ట్రేసింగు కాగితం మీద ఇంకుతో గీతలు గీయడం నా పని. గీత తప్పితే బ్లేడుతో గీకి, మళ్లీ గీయాలి. నా చేయి స్థిరంగా ఉంటుందని ఆఫీసులో పేరు.

నాకు మూడో నెలని తెలిసిన వారానికి బావ నిచ్చెన వేసుకుని అటకెక్కి, అక్కడి నుంచే కేకేశాడు.

"మే, నువ్వు గీస్తావు గదా ఊర్లోవాళ్ల ఇండ్లన్నీ. మనకొక గది గియ్యరాదా ఈడ? అమ్మ వస్తాది, పాపో బాబో వస్తాది. కింద యాడ పట్టేది ఇంతమందికి?"

నేను నవ్వి, ముందు టేపు పట్టుకొని దిగి రమ్మన్నాను. ఆ వారమే గీయడం మొదలుపెట్టాను. ఎవరి ప్లానూ అంత ఇష్టంగా గీయలేదు. కప్పు కొన కింద, సరిగ్గా నడిమి దూలానికి ఒక చిన్న సున్నా పెట్టి, పక్కన 'ఉయ్యాల కొక్కెం' అని రాశాను. ఆఫీసులో అన్నీ ఇంగ్లీషులో రాస్తాం. ఇది మా ఇల్లు గనక తెలుగులో రాశాను.

బావ తన సైటులో పనిచేసే ఒక మేస్త్రీని తీసుకొచ్చాడు. పాలమూరు వైపు మనిషి. యాభై దాటి ఉంటాయి. భార్యతో కలిసి మాదాపూర్ గుట్టల కింద గుడిసె వేసుకుని ఉండేవాడు. ఆయన దూలాన్ని పిడికిలితో కొట్టి చూసి, టేకుది, మంచిగున్నది అన్నాడు. చేతిలో ఉన్న పని తీరాక, ఉగాది తెల్లారి వచ్చి మొదలుపెడతానని, నెలలో ముగిస్తానని చెప్పాడు. నాకు మే నెలలో పురుడు. సరిపోతుందనుకున్నాం.

శివరాత్రి అయిన వారానికి కడుపులో కదలిక ఆగింది. ఆగిన సంగతి నాకు ఒక పూటంతా తెలియలేదు. ఆఫీసుకు సెలవు పెట్టి, బల్ల ముందు కూర్చుని మెట్ల గురించి ఆలోచిస్తూ ఉన్నాను. అత్త అప్పటికే వచ్చి ఉంది. మధ్యాహ్నం అన్నం తింటున్నప్పుడు, "ఏమ్మీ, ఈ పొద్దు తన్నలేదా?" అని అడిగింది. అప్పుడు చేయి పెట్టుకుని చూసుకున్నాను.

నర్సింగ్ హోమ్‌లో జరిగింది ఎక్కువ రాయలేను. దాచుకోవాలని కాదు, నాకు ముక్కలుగా తప్ప గుర్తు లేదు. ఆకుపచ్చ తెర గుర్తుంది. "ఆడపిల్ల" అని ఎవరో మెల్లగా అనడం గుర్తుంది. చూస్తానని నేను అడగలేదు. అత్త నా కళ్ల మీద చేయి పెట్టి, "వద్దు నాయనా, చూడొద్దు" అంది. ఆ చేతి కింద నేను కళ్లు మూసుకునే ఉన్నాను. తర్వాత బావ ఏదో తీసుకుని బయటికి పోయాడు. ఎక్కడికని అడగలేదు.

మర్నాడు డాక్టరమ్మ కాగితం రాస్తూ, "మీది మేనరికమా?" అని అడిగింది. తప్పు పట్టినట్టు అడగలేదు. వయసెంత అని అడిగినట్టే అడిగింది. బావ అవునన్నాడు. ఆమె రాసుకుంది. అదే కారణమని అనలేదు, కాదనీ అనలేదు. అత్త కాఫీ ఫ్లాస్కు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

ఇంటికి వచ్చాక ముగ్గురం ఆ మాట ఎత్తలేదు. అసలు ఏ మాటా పెద్దగా ఎత్తలేదు. నేను వేళకు లేచాను, స్నానం చేశాను, పెట్టింది తిన్నాను. కూరలో ఉప్పు లేదని బావ మొహం చూశాక తెలిసేది. మల్లెలు అప్పుడప్పుడే మార్కెట్లోకి వస్తున్నాయి. పాలు ఆగడానికి అత్త ఆ పూలు తెచ్చి, గుడ్డలో పెట్టి నా రొమ్ముకు గట్టిగా కట్టేది. నాలుగు రోజులు అట్లా కట్టింది. ఇల్లంతా పెళ్లిల్లులా వాసన వేసేది. నాకు ఏడుపు రాలేదు. రావాలని కూడా అనిపించలేదు. చేయి మీద నిద్రపోయి లేస్తే చేయి మనది కాదన్నట్టు ఉంటుంది చూడండి, ఒళ్లంతా అట్లా ఉండేది. నొప్పి ఉందని తెలుసు, ఎక్కడుందో తెలియదు.

ఉగాదికి అత్త పచ్చడి చేయలేదు. మర్నాడు ఉదయం తొమ్మిది గంటలకు, బావ పనికి పోయాక, మేస్త్రీ వచ్చి వరండా ముందు చెప్పులు విడిచాడు. చేతిలో టేపు, భుజం మీద చుట్టిన, నీళ్లు పోసి మట్టం చూసే లెవెల్ పైపు.

"సార్ ఉగాది తెల్లారి రమ్మన్నడు గదమ్మా. వచ్చిన."

ఆయనకు రావద్దని ఎవరూ చెప్పలేదని అర్థమైంది. అత్త నా వైపు చూసింది. వద్దని పంపేయమని ఆ చూపు. పంపేయాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే ఒక వాక్యం కావాలి. ఆ వాక్యం నా దగ్గర లేదు. అంతకన్నా లోపలికి రమ్మనడం సులువు.

"రా అన్నా," అన్నాను.

"పచ్చి ఒంటితో నిచ్చెన ఎక్కుతాండావా?" అంది అత్త. నేను అప్పటికే ఎక్కుతున్నాను.

ఆ పొద్దు మేస్త్రీతో కలిసి అటకంతా కొలిచాను. పొడవు పదహారడుగులు, వెడల్పు పది. కప్పు కొన కింద ఏడడుగుల రెండంగుళాలు. పక్కలకు పోయేకొద్దీ దిగిపోయి, చూరు దగ్గర మూడడుగులే. మనిషి నిలబడగలిగేది నడుమ ఉన్న పట్టీలో మాత్రమే. ఆయన చెప్పేవాడు, నేను రాసుకునేదాన్ని. వాసాల కింద బల్లలు కొట్టి, మధ్యలో గాలి ఆడేంత సందు ఉంచితే ఎండాకాలం పెంకుల వేడి నేరుగా నెత్తిన పడదన్నాడు. కప్పులో రెండు చోట్ల గాజు పెంకులు పెడితే వెలుగు వస్తుందన్నాడు. పాత ప్లాను చూపించాను. దూలం మీద నేను పెట్టిన సున్నాను, దాని పక్కన రాసిన మాటను చూశాడు. ఆయనకు చదువు వచ్చో రాదో నాకు తెలియదు. ఇది దేనికి అని అడగలేదు. ఆ గది ఎవరికని కూడా అడగలేదు. ఆ పొద్దు దాన్ని నా అదృష్టం అనుకున్నాను.

తర్వాతి పదిహేను రోజులు నేను ప్లాను మళ్లీ మళ్లీ గీశాను. కావాలనిపించి కాదు. పొద్దున లేస్తే చేతులకు ఒక పని దొరికేది. కాగితం బిగించడం, అంచులకు టేపు అంటించడం, స్కేలు జరపడం. గీత నిటారుగా వస్తే అది నిటారుగా ఉందని తెలిసేది. ఆ రోజుల్లో నాకు అంత ఖాయంగా తెలిసింది మరేదీ లేదు. మొదటి రోజే పాత కాగితం మీది ఆ రెండు మాటలను బ్లేడుతో గీకేశాను. గీకిన చోట ట్రేసింగు కాగితం గరుకుగా అవుతుంది. మళ్లీ రాస్తే ఇంకు పాకుతుంది. అక్కడ ఏమీ రాయలేదు.

గదికి పేరు పెట్టడమే కుదరలేదు. ప్లానులో ప్రతి గదికీ ఒక పేరు ఉండాలి కదా. పడకగది అని రాసి తీసేశాను. సామాను గది అని రాసి తీసేశాను.

సాయంత్రం బావ వస్తే కాగితం ముందు పెట్టేదాన్ని.

"కిటికీ తూర్పు గోడకా, పడమటి గోడకా?"

"నీ ఇష్టం."

"పడమటికి పెడితే లారీల దుమ్ము, సాయంత్రం ఎండ. తూర్పుకు పెడితే పక్కవాళ్ల జామచెట్టు అడ్డం."

"నీ ఇష్టం."

కోపంగా అనేవాడు కాదు. కాగితం వైపు చూస్తూనే అనేవాడు. కానీ ఆ కళ్లు గీతల మీద ఆగేవి కావు. మొదట గది కావాలన్నది తనే. ఇప్పుడు వద్దని అనలేక, కావాలనీ అనలేక ఉన్నాడని నాకు తెలుసు. నేనూ అంతే. ఎవరో ఒకరు ఆపేద్దాం అంటే ఆగిపోయేది. ఇద్దరిలో ఎవరం అన్నా, ఎందుకు ఆపుతున్నామో చెప్పుకోవాల్సి వచ్చేది. అందుకని అది దాని దారిన నడిచింది.

ఒక మధ్యాహ్నం నేను కాసేపు పడుకుని లేచేసరికి ఇంట్లో అత్త లేదు. వంటింట్లో లేదు, వరండాలో లేదు. నిచ్చెన మాత్రం అటకకు ఆనించి ఉంది. అరవై ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో నేల మీద కూర్చోవడానికే కష్టపడేది. పైకెక్కి చూస్తే, తుప్పు పట్టిన ట్రంకుపెట్టె మీద ఒక్కతే కూర్చుని ఉంది. చీర కుచ్చెళ్ల నిండా దుమ్ము.

"ఏందత్తా, ఎందుకెక్కినావు?"

ఆమె నా వైపు చూడలేదు. కప్పు వైపు చూస్తూ అంది: "నేనే సేసినా గదమ్మీ. మా తమ్ముని కూతురు, తల్లి లేని పిల్ల, బయటికి పోతే ఎవురు ఎట్ల సూస్తారో అని కొంగున కట్టుకున్నా. నా కండ్ల ముందరుంటాదని. ఆ డాక్టరమ్మ అడిగిన కాడినుంచీ నా సెవుల్లో అదే మాట."

చాలా రోజులుగా లోపల కూడబలుక్కున్నట్టు మాటలు వరసగా వచ్చాయి. చెప్పి, నా జవాబు కోసం ఆగింది. ఆమె కావాలనుకున్నది ఒక్కటే. నీ తప్పేం లేదత్తా, అన్న మాట. అది నాకు తెలుసు. ఆ మాట అనడానికి నోరు తెరిచాను కూడా.

"మధ్యలో ఏడడుగుల రెండంగుళాలు ఉంది అత్తా," అన్నాను. "పక్కలకు పోతే మూడడుగులే. లేచేటప్పుడు తల చూసుకో."

ఆమె తల వంచుకుని, మెల్లగా లేచింది. నేను ముందు దిగి, ఆమె పాదాలు ఒక్కొక్కటే పట్టుకుని నిచ్చెన మెట్ల మీద పెట్టాను. ఆ పాదాలు నాకు బాగా గుర్తున్నాయి. మడమలు పగిలి ఉన్నాయి.

మెట్లు ఎక్కడ పెట్టాలన్నది చివరిదాకా తేలలేదు. నడిమి గదిలో పెడితే మంచం పట్టదు. వరండాలో పెడితే వాన పడుతుంది. ఆఖరికి వంటింటికి, నడిమి గదికి మధ్య ఉన్న మూల ఖాయం చేశాను. నేల నుంచి అటక బల్లల అడుగుకు సరిగ్గా ఎనిమిది అడుగులు. బల్లల మందం రెండంగుళాలు. పన్నెండు మెట్లు. మేస్త్రీ ఒక శనివారం వచ్చి, ఆ మూల గోడ మీద సుద్దతో మెట్ల గీతలు పెట్టాడు. ఇటుక పేర్చడానికి ముందు నేను చూసి ఒప్పుకోవాలి. అత్త వంటింట్లో బియ్యం ఏరుతోంది.

నేను టేపు తీసుకుని కింది నుంచి ఒక్కో గీతా కొలుచుకుంటూ వచ్చాను. ఎనిమిది అంగుళాలు, ఎనిమిది, ఎనిమిది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ ఆయన బల్లల అడుగు వరకే లెక్క వేశాడు. వాటి మందం మరిచిపోయాడు. అంటే ఆఖరి మెట్టు నుంచి గదిలోకి అడుగు పెట్టడానికి పదంగుళాలు ఎత్తాలి.

"చివరిది పదంగుళాలు వస్తుంది అన్నా."

ఆయన తల గోక్కున్నాడు. "రెండంగుళాలే గదమ్మా. రెండు దినాల్ల కాలుకు అలవాటైతది."

"అలవాటైతదా?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఏందన్నా అలవాటయ్యేది? అన్ని మెట్లూ ఒక రకంగా ఉండి ఆఖరిది ఎత్తుగా ఉంటే కాలు తట్టుకోదా? బిడ్డనెత్తుకొని దిగే మనిషి పడిపోదా? బిడ్డకేమైనా అయితే ఎవరు చెప్పుకోవాల? నువ్వు చెప్తావా? రెండంగుళాలంట!"

అరుస్తున్నాను. నెలన్నరగా కూర, మజ్జిగ, కొలతల మాటలకు తప్ప తెరవని నోరు. పక్కన బకెట్లో ఉన్న తడిగుడ్డ తీసుకుని గోడ మీది గీతలన్నీ తుడిచేశాను. ఒక్కటి కూడా ఉంచలేదు. సుద్దనీళ్లు మోచేతుల మీదుగా కారాయి. వంటింట్లో చేటలో బియ్యం కదిలే చప్పుడు ఆగిపోయింది.

మేస్త్రీ కదలకుండా నిలబడ్డాడు. ఆయనకు కోపం రాలేదు.

"తిట్టమ్మా. ఏం ఫికర్ లేదు, తిట్టు," అన్నాడు. "సార్ గూడ ఆ దినం గిట్లనే ఒర్లిండు నా మీద."

"ఏ దినం?"

ఆయన చేతిలో సుద్దముక్క వైపు చూసుకున్నాడు. అనకూడనిది అన్నానని తెలిసిన మనిషిలా అయిపోయాడు.

"సార్ జెప్పలేదా నీకు?"

"ఏం చెప్పలేదు. నువ్వు చెప్పు."

ఆయన గోడకు ఆనుకుని గొంతుకూర్చున్నాడు.

"గడ్డపార కోసమని మా గుడిసె కాడికొచ్చిండమ్మా. ఒక్కడే. స్కూటర్ మీద, ఒళ్లె తెల్లబట్టల మూట. ఈ ఊర్ల ఎవలున్నరు సార్‌కు, నేను దప్ప? ఒక్కనివి ఎట్ల వోతవ్ సార్ అని నేను ఎంబడివోయిన. మీ దిక్కే, చెరువు కట్ట కింద చిన్నపోరగాండ్లను పెట్టే జాగ ఉన్నది గదా, ఆడ. మోకాలి లోతు తవ్విన. సాలదు, ఇంక తియ్యి అన్నడు. ఇంకింత తీసిన. సాలదు, నీకు పని రాదా, ఇంక తియ్యి అని ఒక్కటే ఒర్లుడు. నా నడుము లోతు తవ్విచ్చిండు. చిన్న పాణానికి గంత లోతు ఎందుకు సార్ అంటె ఇనలే."

"నువ్వు చూసినావా?"

"లేదమ్మా. మూట నాకు ఇయ్యలే. తనే దిగి పెట్టిండు."

అంటే ఆయనకు అంతా తెలుసు. తెలిసే ఉగాది మర్నాడు వచ్చాడు, తెలిసే ఏమీ అడగలేదు. నాతో పాటు అటకంతా కొలిచాడు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. మోచేతుల మీద సుద్ద ఆరి బిగుసుకుంటోంది.

"మళ్లీ గీస్త," అన్నాడు ఆయన లేస్తూ. "ఎంత పెట్టాలె జెప్పు."

"మొత్తం తొంభై ఎనిమిది అంగుళాలు. పన్నెండు భాగాలు సమానంగా చెయ్యి."

ఆ సాయంత్రం బావ కాళ్లు కడుక్కుని వచ్చాక, పైకి రమ్మన్నాను. "కిటికీ యా గోడకో నువ్వే చూసి చెప్పాల," అన్నాను. నర్సింగ్ హోమ్ నుంచి వచ్చాక బావ అటకెక్కడం అదే మొదటిసారి. తూర్పు గోడ దగ్గర నడుము వంచుకుని నిలబడ్డాడు. ఇంకా వెలుగు ఉంది. పెంకుల సందుల్లోంచి సన్నటి ఎండ చారలు బల్లల మీద పడుతున్నాయి.

"మేస్త్రీ చెప్పినాడు," అన్నాను.

ఆయన బల్లల మీద కూర్చుండిపోయాడు.

"నాకెందుకు చెప్పలేదు బావా?"

"నువ్వు అడగలేదు."

నిజమే. నేను అడగలేదు.

"చూసినావా?"

"చూసినా."

"ఎట్లుండె?"

రోడ్డు మీద లారీలు పోతున్నాయి.

"చిన్నగుండె. ఇంతే." అరచేతుల మధ్య చోటు చూపించాడు. ఆ చేతులు కిందికి దించడం మరిచిపోయి అట్లాగే ఉంచాడు. "జుట్టు మాత్రం దట్టంగుండె. నొసలు నీ మాదిరి."

"అంత లోతు ఎందుకు తవ్వించినావు?"

"కుక్కలు," అన్నాడు. "ఆ కట్ట మీద కుక్కలు తిరుగుతాండె."

నేను ఆయన పక్కన కూర్చున్నాను. భుజం మీద చేయి వేయాలనుకుని వేయలేదు. ఏం మాట్లాడుకున్నామో అంతకు మించి గుర్తు లేదు. దిగే ముందు ఆయన తూర్పు గోడ మీద అరచేయి ఆనించి, "ఈడ పెట్టించు కిటికీ. చెట్టుంటే ఉండనీ," అన్నాడు.

మర్నాడు ఆదివారం. నన్ను అక్కడికి తీసుకుపొమ్మన్నాను. స్కూటరు కట్ట కింద ఆపి నడిచాం. ముళ్లకంపల మధ్య చిన్న చిన్న దిబ్బలు ఉన్నాయి. కొన్నిటి మీద రాళ్లు, ఒకదాని మీద ప్లాస్టిక్ గిలక్కాయ. బావ ఒక దిబ్బ దగ్గర ఆగి, మళ్లీ వెనక్కి వచ్చి ఇంకోదాని దగ్గర ఆగాడు. ఆ రెండింట్లో ఏదో ఖాయంగా చెప్పలేకపోయాడు. మేస్త్రీని అడుగుదామన్నాడు. నేను వద్దన్నాను. రెండింటి మధ్య కొంచెం సేపు నిలబడి, ఎండ ఎక్కువవుతుంటే వచ్చేశాం. దారిలో మార్కెట్లో వంకాయలు కొన్నాం.

గది వానలకు ముందే పూర్తయింది. పన్నెండు మెట్లూ ఒకే ఎత్తులో ఉన్నాయి. ప్లాను కాగితంలో ఆ గదికి చివరిదాకా పేరు రాయలేదు. మేస్త్రీ అడగలేదు, గది కట్టడానికి అది అవసరం పడలేదు. పని ముగిసిన రోజు ఆయన భార్య కూడా వచ్చి, మెట్లెక్కి దిగి, నా చేయి ఒకసారి పట్టుకుని వదిలేసింది. ఆ తర్వాత వాళ్లు వేరే సైటుకు, బాచుపల్లి వైపు పోయారు.

నేను మళ్లీ ఆఫీసుకు పోవడం మొదలుపెట్టాను. అప్పటికి అక్కడ రెండు కంప్యూటర్లు తెచ్చి పెట్టారు. తప్పు గీత పోవాలంటే ఒక మీట నొక్కితే చాలు, గీకిన గుర్తు కూడా ఉండదు. నేర్చుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. కొన్నేళ్లకు మాకు కొడుకు పుట్టాడు. వాడు కడుపులో ఉన్నన్నాళ్లూ అత్త గంటకొకసారి తన్నాడా అని అడిగేది, నేను తన్నాడని చెప్పేదాన్ని. కొన్నిసార్లు తన్నకపోయినా చెప్పాను. వాడికి పై గది ఎప్పుడూ నచ్చలేదు, ఉక్కపోస్తుందనేవాడు. అక్కడ ఎక్కువగా ఉన్నది అత్తే. ప్రొద్దుటూరు తిరిగి పోతానని ప్రతి ఏడూ అనేది కానీ పోలేదు. మెట్లు ఒక్కొక్కటే పట్టుకుని ఎక్కి, కిటికీ దగ్గర కూర్చుని, జామచెట్టు మీది చిలకల్ని అదిలించేది. ఆ రోజు ట్రంకుపెట్టె మీద కూర్చుని ఆమె అడిగినదానికి నేను జవాబు చెప్పలేదు. ఆమె మళ్లీ అడగలేదు. ఆమె పోయి చాలా ఏళ్లయింది. చెప్పి ఉండాల్సింది. రోజుకు నాలుగు మాటలు మాట్లాడుకుంటూ ఒకే ఇంట్లో పదేళ్లు ఉన్నాం. ఎప్పుడైనా చెప్పగలిగేదాన్ని, చెప్పలేదు.

గదిలో మేము మొదటిసారి కలిసి కూర్చున్న రోజు మాత్రం బాగా గుర్తుంది. కింద గోడలకు సున్నం వేయిస్తున్నాం. వంట పాత్రలన్నీ పైకి చేర్చి, మధ్యాహ్నం అన్నం అక్కడే తిన్నాం. కొత్త బల్లల వాసన వస్తోంది. గాజు పెంకుల్లోంచి పడిన రెండు చదరాల వెలుగు కంచాల మీదికి జరుగుతోంది. బావ మజ్జిగ గిన్నె అందుకుందామని గబుక్కున లేచి, పక్కనున్న వాలు కప్పుకు తల కొట్టుకున్నాడు. చప్పుడు గట్టిగానే వచ్చింది. "అమ్మా!" అని తల పట్టుకుని కూర్చున్నాడు. అత్త కంగారుగా చూసింది, ఏమీ కాలేదని తెలిసి ఫక్కున నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆమెను చూసి బావ కూడా నవ్వాడు, తల రుద్దుకుంటూనే.

ఇద్దరూ నా వైపు చూశారు. నాకు నవ్వు రాలేదు. వచ్చినట్టు ముఖం పెట్టాను. వాళ్లకు అది సరిపోయింది. నేను మజ్జిగ గిన్నె అందుకుని ముగ్గురి కంచాల్లోనూ పోశాను.